మళ్ళీ రాలేదు

మొదట, రోగుల లెక్కలు కొని మందుల కంపెనీలకు అమ్మే వ్యాపారి చేతిలో ఉన్నవి రెండు. పెద్దాసుపత్రి నుంచి కొన్న ఆరువేలమంది గుండె రోగుల వివరాలు, ఇరవయ్యేళ్ళనాటి ఒక మందు ప్రయోగం నివేదిక.

ఆ ప్రయోగంలో మాత్ర వేసుకున్నవాళ్ళు అయిదేళ్ళలో నూటికి తొమ్మిదిమంది పోయారు. అదే మాత్ర వాడిన ఈ మామూలు రోగుల్లోనూ తొమ్మిదే వస్తే అతని సరుకు నిఖార్సయినదని తేలుతుంది. రేపు కొత్త మందులనూ దానితోనే తూచవచ్చు.

మూడు వచ్చింది.

"మనవాళ్ళు మరీ గట్టిపిండాల్లా ఉన్నారు సార్," అంది అతని దగ్గర పనిచేసే లెక్కలమ్మాయి.

అతనికి ఒళ్ళు మండింది. అంత మంచి అంకెను ఎవరూ నమ్మరు.

తవ్వితే దొరికింది. ఎనిమిదివందలమంది పేర్ల పక్కన ‘మళ్ళీ రాలేదు’ అని ఉంది. కంప్యూటర్ వాళ్ళందరినీ బతికున్నట్టే వేసుకుంది.

ఆసుపత్రికి ఫోన్ చేస్తే, రానివాళ్ళ సంగతి తమకెలా తెలుస్తుందని విసుక్కున్నారు.

మర్నాడు ఒక ముసలాయన వచ్చాడు. భుజాన మాసిన గోనెసంచి, కాళ్ళకు మురుగు. గదంతా చెమట కంపు. వ్యాపారి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"రానివాళ్ళ గురించి అడిగారటగా బాబూ. వాళ్ళిళ్ళకి నేను వెళ్ళొచ్చా. ఎవరున్నారో, ఎవరు పోయారో ఇందులో రాశా."

"ఎవరు పంపారు నిన్ను?"

"ఎవరు పంపుతారు? రానివాళ్ళ దగ్గరికి మనమే పోవాలిగా."

ఎంత కావాలని అడిగితే మంచినీళ్ళు అడిగాడు. తాగి, సంచి అక్కడే పెట్టి వెళ్ళిపోయాడు.

ఊరికే వచ్చే సరుకును వ్యాపారి ఎన్నడూ నమ్మలేదు. సంచి నిండా చెమ్మకు అతుక్కున్న కాగితాలు, పెన్సిల్ రాతలు.

"ఒకసారి చూద్దాం సార్," అంది లెక్కలమ్మాయి.

"చూస్తే చేతులు కూడా కడుక్కోవాలి."

నీళ్ళు తాగిన గ్లాసుతో సహా సంచిని చెత్తబండిలో వేయించాడు. నేలను రెండుసార్లు ఫినాయిలుతో కడిగించాడు.

కొనేవాళ్ళు సరుకు తిప్పి పంపారు. రానివాళ్ళ లెక్క తెమ్మన్నారు.

అప్పుడు ముసలాయన కోసం ఆసుపత్రికి మనిషిని పంపాడు. ఆయన ఉద్యోగం వదిలి చాలాకాలమైందని, ఎక్కడుంటాడో తెలియదని చెప్పారు ఆసుపత్రివాళ్ళు.

లెక్కలమ్మాయి ఆ పాత ప్రయోగం నివేదిక ముందేసుకుంది. మూడువేలమందిలో అయిదేళ్ళపాటు ఒక్కరు కూడా లెక్కకు అందకుండా పోలేదు. ఆ ప్రయోగం చేసినవాళ్ళకి ఇదెలా కుదిరింది? ఎవరూ చదవని చివరి పేజీ తిప్పి, వ్యాపారి ముందు పెట్టింది.

చివరికి అతనికి మిగిలినవి రెండు. ముసలాయనతో కలిపి మళ్ళీ రానివాళ్ళు ఎనిమిదివందల ఒక్కరు. ‘మూడువేల గడపలూ కాలినడకన తిరిగి లెక్క తెచ్చినవాడు’ అన్న అక్షరాల పైన, భుజాన అదే గోనెసంచితో నవ్వుతున్న ఒక ఫోటో.