గవ్వలదిబ్బ చరిత్ర

సదయ్య నులక మంచం బిగిస్తున్నాడు. వదులైన తాడును గుంజి, మోకాలితో అదిమిపట్టి, ముడి వేస్తున్నాడు. ఎదురుగా నిలబడి కూతురు సంతోషి కాగితాలు చూసి ఉపన్యాసం అప్పజెబుతోంది.

"తీరానికి రెండు మైళ్ల అవతల, సముద్రంలో, అరచేయంత దీవి గవ్వలదిబ్బ. మొదట డచ్చివాళ్లు దిగి ఉప్పు పండించారు. తర్వాత ఇంగ్లీషువాళ్లు దీపస్తంభం కట్టారు. దానికి నూటపది మెట్లు..."

"నూట పన్నెండు," అన్నాడు సదయ్య తల ఎత్తకుండానే.

"పుస్తకంల నూటపదే ఉంది బాపూ."

"కింది రెండు ఇసుకల మునిగినయ్. రాసుకో."

సంతోషి ఎగిరి గంతేసినంత పని చేసి రాసుకుంది. రేపే కరీంనగర్‌లో పోటీ. పుస్తకంలో లేని సంగతులు చెప్పినవాళ్లకే మార్కులని లెక్చరర్ ముందే అన్నాడు. మొదటి బహుమతి వస్తే, ఏ చోటు గురించి మాట్లాడారో ఆ చోటికే తీసుకుపోతారు. గోదావరిఖని దాటి ఎరుగని సంతోషికి పదిహేను రోజులుగా నిద్రలోనూ అలలే. పుస్తకంలో లేని సంగతులన్నీ తండ్రే చెప్పాడు. గనిలో తనతో పనిచేసిన దోస్తుది ఆ దీవేనట.

పక్కింటి బుచ్చన్న గోడమీంచి తొంగిచూశాడు. "ఏం బిడ్డా, సముద్రం ముచ్చట మీ బాపును అడుగుతున్నవా? కాలనీ అంతా విశాఖపట్నం టూరు పోతే కడుపునొప్పని ఇంట్ల పండుకున్నడు!"

"బాపు దోస్తు చెప్పిండు కాకా."

"నాకు తెల్వని దోస్తా? పేరేంది సదన్నా?"

"బొగ్గుబాయిల పేర్లకేం నమ్మకమే?" సదయ్య నవ్వాడు. "నువ్వే మీ అన్న పేరు మీద నౌకరి ఎక్కితివి."

"ఎక్కితిని. జీతం చీటీ మీద బావగారి పేరు చూసి నా పెండ్లాం ఇప్పటికీ కొంగు సర్దుకుంటది!"

వంటింట్లోంచి సదయ్య భార్య అనసూర్య కూడా నవ్వింది. సంతోషికి మాత్రం తొందరగా ఉంది.

"ఇగ తుఫాను కాడికొచ్చిన, వినున్రి. నలభై ఏళ్ల కిందట ఒక్క పూటలో సముద్రం దీవి మీదికి వచ్చింది. ఒక పిల్లవాడు వలతాడుతో తనను తాను తాటిచెట్టుకు కట్టుకున్నాడు..." ఆగింది. "ముడి ఎట్లేసిండని అడిగితే ఏం చెప్పాలె బాపూ?"

సదయ్య చేతిలోని తాడు చూపించాడు. "గిట్ల. గాలి గుంజితే బిగుస్తది. ఈ కొస పట్టి గుంజితే జారిపోతది."

"మంచిగ చెప్పిండు నీ దోస్తు," అన్నాడు బుచ్చన్న. "ఆ పిలగాడు ఏమైండట?"

"ఏమో. ఊరు ఊరంతా పోయిందన్నడు. ఒక్కలు మిగల్లేదన్నడు."

"తప్పు బాపూ!" సంతోషి చప్పట్లు కొట్టింది. "గీ ముచ్చట మీకు చెప్పకుండ దాచిపెట్టిన. పొద్దుగాల మా సారు సెల్లుతోని ఆ దీవి బడి మాస్టారుతో మాట్లాడిన. చచ్చిపోయినోళ్ల పేర్లు రాయి మీద చెక్కిన్రట, ఇరవై మూడు. పద్నాలుగో పేరు కాడ ఒక ముసలవ్వ రోజూ దీపం పెడతదట. కొడుకు శవం దొరకలే, వాడి పేరు ఎట్ల చెక్కుతరని అప్పుడే అందరితోని కొట్లాడిందట!"

సదయ్య చేతిలోంచి తాడు జారింది. మంచం తాళ్లన్నీ ఒక్కసారిగా వదులయ్యాయి.

"ఆమె పేరు?"

"ముత్యాలమ్మ. ఎనభై దాటినయట. నాతోని మాట్లాడింది కూడ! 'మా దీవి చూడ్డానికొస్తావా అమ్మా, చప్పున రా, నా చూపు పోతాంది' అన్నది. ఇగ ఫస్టు ప్రైజు మనదే బాపూ!"

"అబ్బో! ఇగ ఎవ్వలాపుతరు బిడ్డా నిన్ను!" బుచ్చన్న గోడ మీద దరువేశాడు.

అంతలో రెండో షిఫ్టు సైరన్ మోగింది. సదయ్య లేచాడు. చేతులు కడుక్కున్నాడు. దండెం మీది తెల్లచొక్కా తొడుక్కున్నాడు. కూతురి తలమీద ఒక్క క్షణం చెయ్యి పెట్టి, గడప దాటాడు. డ్యూటీకి పోతూ చెప్పిపోయే అలవాటు ఆయనకు ఎన్నడూ లేదు కనుక ఎవరూ పట్టించుకోలేదు.

అనసూర్య అన్నం డబ్బా తీసుకొని బయటికి వచ్చింది. గని బూట్లు గడప పక్కనే ఉన్నాయి. వీధి చివర సదయ్య, బాయి తొవ్వ వదిలేసి, రామగుండం రైలు స్టేషనుకు పోయే ఆటో ఎక్కుతున్నాడు.

రాయి మీది పద్నాలుగో పేరు ఆయనదే.