పొదుగుడు కొట్టు

పొదలో సింగారమ్మ అనే కోడి పొదుగుడు కొట్టు పెట్టింది. తీరిక లేని పక్షులన్నీ గుడ్లు తెచ్చి ఇచ్చి పోయేవి. బేరం పెరిగి, గుడ్లు దాని రెక్కల కింద పట్టక బయటికొచ్చేశాయి. సాయానికి వీరమ్మ అనే బాతును పెట్టుకుంది.

పెట్టుకుందే కానీ కుదురుగా ఉండలేదు. మాటిమాటికీ లేచి వెళ్ళి బాతు రెక్క ఎత్తి చూసేది.

"కొంచెం ఎడమకు జరుగు. అంత బరువెయ్యకు. అసలు లే, నేను చూపిస్తా."

బాతుకు ఒళ్ళు మండింది. "అమ్మా, ఒకే గుడ్డు మీద ఇద్దరం కూర్చుంటే పిల్ల రాదు, అట్టు వస్తుంది."

"ఏదైనా అయితే మాట పడేది నేను కదే!"

"సరే, నీ గుడ్ల మీద ఇప్పుడెవరు కూర్చున్నారు?"

కోడి పరుగున వెళ్ళి తాకితే గుడ్లు చల్లబడుతున్నాయి. వెంటనే రెక్కలు పరిచి కూర్చుంది. తిండికి కూడా లేవలేదు. చాలాసేపటికి లోపల టక్కుటక్కుమని చప్పుడైంది. హమ్మయ్య అనుకుంది.

అంతలో బాతు వైపు పెంకులు పగిలాయి. కోడి లేవబోయి, తమాయించుకుని కూర్చుంది.

"పిల్లలెలా ఉన్నాయే?"

"బాగున్నాయి. నోళ్ళు మాత్రం నీకంటే పెద్దవి."

కోడి నవ్వి, హాయిగా కళ్ళు మూసుకుంది.

బాతు పిల్లల దగ్గరికి వంగి గుసగుసలాడింది. "మెల్లిగా అరవండి. ఓనరమ్మ లేచిందంటే మిమ్మల్ని మళ్ళీ గుడ్లలో పెట్టి, సరిగ్గా పొదగమంటుంది."