నూటికి అరవై

"నూటికి అరవై," అంటూ వెల్డింగు మేస్త్రి ట్యాంకు ఎడమ అతుకు పక్కన సుద్దముక్కతో అంకె వేశాడు. కుడి అతుకు మీద వేలు నడిపించి చూసి, తొంభై అయిదు వేశాడు.

వెల్డింగు షెడ్డు యజమాని నవ్వుకున్నాడు. నిన్న తాను ఊళ్ళో లేనప్పుడు మేస్త్రీ, అతని కూతురూ చెరో అతుకు వేశారు. ఏది ఎవరిదో ముందుగా చెప్పకూడదు, నిలుస్తుందన్న నమ్మకం నూటికి ఎంతో మాత్రం రాయాలి. అది ఆ షెడ్డు కట్టుబాటు. రాసే హక్కు మేస్త్రిది. నాలుగో తరగతిలోనే బడి అతన్ని వదిలించుకుంది గానీ, అతను అరవై అన్నవాటిలో పదికి ఆరు నిలిచేవి, నాలుగు కారేవి. ముప్ఫై ఏళ్ళుగా అదే వరస.

ఇవాళ మామూలు పరీక్ష కాదు, పనివాళ్ళంతా చుట్టూ మూగారు. ఆసుపత్రి బాయిలరు పని వచ్చింది. ఇక్కడ ఎవరి అతుకు నెగ్గితే బాయిలరు వాళ్ళది.

"కూతురని కూడా చూడవేమయ్యా మేస్త్రీ," అన్నాడు యజమాని.

"అంకెకి చుట్టరికాలుండవు సార్."

"పోనీ ఓ డెబ్బై వెయ్యరాదూ. పిల్ల మొహం చూడు."

కూతురు తలెత్తలేదు. "నాన్నా, ఆ అంకె మార్చు," అంది మెల్లగా.

"ఎందుకూ? ఉన్నది రాశాను. పంపు కొట్టు."

నీళ్ళు నిండిన ట్యాంకులో ఒత్తిడి పెరిగింది. మీటరు ముల్లు సగం దాటిందో లేదో, ఎడమ అతుకు నుంచి సన్నగా ధార. ముల్లు చివరిదాకా వెళ్ళినా కుడి అతుకు చెమ్మగిల్లలేదు.

కూతురు కళ్ళు తుడుచుకుంది.

"ఏడవకమ్మాయ్. ఆ పనితనం రావాలంటే నీకింకో పదేళ్ళు పడుతుంది," అన్నాడు యజమాని.

మేస్త్రి మాత్రం మీసం దువ్వుతున్నాడు. అతనిలో అంత గర్వం యజమాని ఏనాడూ చూడలేదు. కన్నకూతురు ఓడితే ఇంత సంబరమా అని ఒళ్ళు మండింది. అయినా మాట మాటే.

"బాయిలరు కుడి అతుకు వేసిన చేతికే."

"ఇంతమంది ముందు అన్నారు. వెనక్కి తీసుకోరుగా?" అన్నాడు మేస్త్రి.

"నా నోటి మాట ఎప్పుడన్నా తప్పిందా?"

"కారింది నాది సార్."