ఎడమొహం కాయలు

తన చేనులో ఎవడో పరాయి మనిషి బొబ్బెరకాయల నడుమ వేలు దూర్చి చూస్తుంటే సాంబన్నకు అరికాలి మంట నెత్తికెక్కింది.

“ఎవడ్రా అది? కాయల్ని కోస్తున్నవా, కొలుస్తున్నవా?”

ఆ మనిషి లేచి నిలబడ్డాడు. భుజాన సంచి, మోకాళ్ల దాకా దుమ్ము.

“కొలుస్తున్న అన్నా. భామ్రాగడ్ దిక్కునుంచి వచ్చిన. నన్ను ఆదయ్య అంటరు. మీ అంకిస ఊళ్లె అందరి బొబ్బెర్లు పురుగు తిన్నది. నీ చేనొక్కటే మిగిలింది. ఎందుకో ఎరికేనా?”

“నన్ను చూసి భయపడ్డది. నా ఇంటిదే భయపడది గని, పురుగన్నా భయపడ్డది!”

ఆదయ్య నవ్వి, ఒక కాడను వంచి చూపించాడు. పొడుగాటి కాడ ఆకులను దాటి పైకి లేచి ఉంది. దాని కొసన రెండు కాయలు, పంపకాలు తెగని అన్నదమ్ముల్లా చెరో దిక్కుకు తిరిగి ఉన్నాయి.

“కాయ కాయకు ఆనినా, ఆకుకు ఆనినా ఆ సందుల దాక్కొని పురుగు లోపలికి తొలుస్తది. ఇవి దేనికీ ఆనవు. దానికి నిలబడ జాగ లేదు.”

“అంటే సందు లేదు, విందు లేదు! మా అవ్వ ఇత్తనమిది. ఎడమొహం కాయలని ఊరంతా నవ్వి దుకాణం గింజకు మారింది. అవ్వ మారలే, నేను మారలే.”

“ఒక పిడికెడు ఇత్తనం ఇస్తవా అన్నా?”

సాంబన్న నవ్వు ఆగిపోయింది.

ఇలాంటి తీయటి మాటల కంపెనీవాళ్ల సంగతి తనకు బాగా తెలుసనుకున్నాడు. ఇవాళ పిడికెడు పట్టుకుపోతారు, వచ్చే ఏడు రంగుల సంచిలో పోసి మనకే అమ్ముతారు.

ఇంట్లోకి పోయాడు. అటక మీది విత్తనాల కుండను వదిలేసి, వంటింట్లోని తినే కుండలో చెయ్యి పెట్టాడు. పురుగు పట్టకుండా భార్య కనకవ్వ మసిలే నీళ్లలో ముంచి తీసి ఎండబోసిన గింజలవి. చూపుకు అవే బొబ్బెర్లు. భూమిలో వేస్తే మాత్రం మట్టిలో మట్టే.

“అవి ఇస్తున్నవేందయ్యా? అవి మొలుస్తయా?” అంది కనకవ్వ.

“గప్‌చుప్ ఉండవే. కంపెనీవోనికి కమ్మని కానుక!”

ఆదయ్య ఆ గింజల్ని కళ్లకద్దుకుని గుడ్డలో మూట కట్టుకున్నాడు.

ఎండాకాలంలో మళ్లీ వచ్చాడు.

“మొలక రాలేదన్నా. నేనే ఎక్కడో తప్పు చేసిన. ఇంకొక్క పిడికెడు...”

“అయ్యో! మా గింజలకు మీ దిక్కు నీళ్లు పడనట్టున్నయ్.”

అదే కుండలోంచి ఈసారి దోసిలి నిండా పోశాడు సాంబన్న. ఆ సాయంత్రం చాయ్ హోటల్లో ఈ ముచ్చటే చెప్పి అందరినీ పొట్టలు పట్టుకునేలా నవ్వించాడు.

“కంపెనీవోడు వేసేది ఉడికిన పంట! కోతకు కొడవలెందుకు? గంటె చాలు!”

వానాకాలంలో గోదావరి ఊళ్లోకి వచ్చింది. అటక దాకా వచ్చింది.

వరద తీసేనాటికి విత్తనాల కుండ లేదు. చేను మీద మెత్తటి ఒండ్రు పరుచుకుని విత్తు కోసం ఎదురుచూస్తోంది. సాంబన్న ఇల్లిల్లూ తిరిగాడు. అవ్వ గింజ ఒక్కటీ దొరకలేదు. దుకాణంలో ఉన్నవల్లా గుత్తులు గుత్తులుగా అంటుకుని కాసే రకాలు, పురుగులకు పెళ్లిభోజనాలు.

ఆ వారమే ఆదయ్య బరువైన సంచి మోసుకుంటూ బురదలో నడిచి వచ్చాడు.

“లింగక్కా, ఇగో నీ ఎర్ర అనుములు. గంగన్నా, నీ కందులు. పోయినేడు మీరిచ్చినయే. మా పెరట్ల వేసి, పెంచి, పట్టుకొచ్చిన.”

లింగక్క ఆ పొట్లాన్ని గుండెకు హత్తుకుని ఏడ్చేసింది.

జనాన్ని తోసుకుంటూ సాంబన్న ముందుకొచ్చాడు.

“నాది? మా అవ్వది?”

ఆదయ్య తల వంచుకున్నాడు.

“రెండుసార్లు పోసిన అన్నా. ఒక్కటన్నా మొలవలే.”

సాంబన్న ఆ గింజలు పోసిన తన దోసిలి వైపు చూసుకున్నాడు.

ఆదయ్యే అతని చేతులు పట్టుకున్నాడు.

“మా ఊరి గింజ ఇట్లనే ఏటిపాలైంది, మా కోసం దాచినోడు ఒక్కడు లేకుండె, అందుకనే ఊరూరు తిరిగి అందరియి దాస్తున్న... నీది దాచలేకపోయిన, మాఫ్ చెయ్యన్నా.”