చెవి సాక్షి

“నన్ను మరీ ఇంత లావుగా కట్టారేంటండీ?” అన్నాడు మైకాయన, ఇసుక కూరిన గోనెబొమ్మను ఎగాదిగా చూసి.

“కొలతలు మీ ఒంటివే,” అంది తుపాకులు పరీక్షించే మేడమ్, రైఫిలును ఇనుప స్టాండుకు బిగిస్తూ.

మైకాయన పొట్ట లోపలికి పీల్చుకున్నాడు. నూట పది గజాల అవతల చెక్కవేదిక మీద రెండు బొమ్మలున్నాయి. ఒకటి మూడు నెలల క్రితం సభలో మాట్లాడుతూ తూటాకి బలైపోయిన నాయకుడిది. ఇటునుంచి చూస్తే దానికి ఎడమపక్క, మూరెడు దూరంలో, మైకు సరిచేస్తూ వంగి ఉన్నది మైకాయనది.

ఆ రోజు ఎవరెక్కడ నిలబడ్డారో చూపించడానికి అతన్ని పిలిపించారు. అంతమాత్రానికే అయితే ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చేవాడు కాదు. తూటా ఎదురు మేడ మూడో అంతస్తు కిటికీలోంచి వచ్చిందని, అందరూ బల్లల కింద దూరిన క్షణంలో, చెవితో పట్టి చెప్పినవాడు అతనే. తనూ బల్ల కిందే ఉన్నాడు, చెవి మాత్రం బయట ఉంది. ఆ మాట మీదే పోలీసులు ఆ ఇంట్లో ఒంటరిగా ఉండే ముసలి గుమాస్తాను, అతని తాతల నాటి రైఫిలును పట్టుకున్నారు. పేపర్లవాళ్ళు మైకాయనకు ‘చెవి సాక్షి’ అని పేరు పెట్టారు. పెళ్ళయిన ఇరవయ్యేళ్ళలో తన మాట నమ్మి ఎవరైనా ఏదైనా చేయడం అతనికి అదే మొదలు.

తూటా ఎముకకు తగిలి ముక్కలైపోయింది కాబట్టి దాని మీది గీతలు పోల్చి చూసే దారి లేదు. ఈ రైఫిలు ఆ దూరం నుంచి ఆ మనిషిని కొట్టగలదా లేదా అన్నదే ఇవాళ తేలాలి.

మేడమ్ నాయకుడి గుండెకు గురిపెట్టి పేల్చింది. తూటా బొమ్మకు మూరెడు కుడిగా పోయి వెనక చెక్కలో దిగింది. రెండోదీ అక్కడే. మూడోదీ అక్కడే.

“గొట్టం కొన మీద గురి చూసుకునే పుల్ల వంగింది,” అందామె భూతద్దం పెట్టి. “ఇప్పటి వంపు కాదు, మడతలో తుప్పు కూడా పట్టింది. దీంతో ఆయనకి గురిపెట్టి ఆయన్ని కొట్టడం జరిగే పని కాదు. రిపోర్టు అలాగే రాస్తాను.”

పక్కనే నిలబడి చూస్తున్న ఇన్‌స్పెక్టర్ రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. “అలా రాస్తే రేపే ముసలాయన్ని వదిలెయ్యాలి మేడమ్. అసలే కారణం దొరక్క ఛస్తున్నాం. ఏ పార్టీ మనిషీ కాదు. గోడ మీద ఆ నాయకుడి ఫొటోనే పెట్టుకున్నాడు. పేరెత్తితే చాలు, బావురుమంటాడు. ఇంట్లో దొరికిందల్లా ఈ రైఫిలు, ఓ అర్జీల ఫైలు, తుపాకీ తుడుచుకోవడానికి ఇంత దూది.”

“దీన్ని ఇరవయ్యేళ్ళుగా ఎవరూ తుడవలేదు,” అంది మేడమ్.

ఇన్‌స్పెక్టర్ మైకాయన వైపు తిరిగాడు. “ఏమయ్యా, నువ్వు సరిగ్గానే విన్నావా?”

మైకాయనకు ఒళ్ళు మండింది. “సార్, ఆ సభ జరిగిన చౌరస్తాలో ఆరేళ్ళుగా మైకు సెట్టు పెడుతున్నాను. ఏ గోడ ఎంత మోత తిరగ్గొడుతుందో నాకు కంఠతా వచ్చు. ఆ మూడో అంతస్తు దగ్గర ధ్వని పలికినట్టు ఇంకెక్కడా పలకదు. అందుకే ఓ బాకా ఎప్పుడూ అటే తిప్పి కడతాను. నా చెవి తప్పదు!”

పైకి అలా అన్నాడు గానీ లోపల గుబులుగానే ఉంది. రేపు పేపర్లో ‘చెవిటి సాక్షి’ అని వస్తుంది. భార్య ఆ ముక్క కత్తిరించి ఫ్రిజ్ తలుపుకి అంటిస్తుంది. ఆ తలుపు తీసినప్పుడల్లా నవ్వుతుంది కూడా.

దిగాలుగా బొమ్మలకేసి చూస్తూంటే చటుక్కున తట్టింది.

“మేడమ్, ఒక్కసారి నన్ను కాల్చండి!”

ఇద్దరూ అతన్ని వింతగా చూశారు.

“అంటే నా బొమ్మనండీ. నా మీద తూటా దండగేననుకోండి, అయినా ఒక్కటి.”

మేడమ్ స్టాండు తిప్పి, వంగి ఉన్న లావుపాటి బొమ్మ గుండెకు గురిపెట్టి పేల్చింది. నాయకుడి బొమ్మ రొమ్ములోంచి బుసబుసా ఇసుక కారింది.

ఇన్‌స్పెక్టర్ ఎగిరి గంతేసినంత పని చేశాడు. “అదీ సంగతి! వంపు తెలిసి, లెక్క వేసుకుని, కావాలనే పక్కనున్న అనామకుడికి గురిపెట్టాడు. ఎంత గడుసు ముసలాడండీ!”

“ఆ అనామకుణ్ణి నేనే సార్,” అన్నాడు మైకాయన వినయంగా. ఆనందంతో అతనికి కాలు నేల మీద ఆనడం లేదు. అక్కణ్ణుంచే భార్యకు ఫోన్ కొట్టాడు.

“కేసు తేల్చింది నేనే! అందరూ నాయకుడికే గురిపెడుతుంటే, నాకు పెట్టమన్నాను.”

“మీకు గురిపెట్టాలని నాకు తప్ప ఇంకెవరికి తోస్తుంది లెండి,” అంది ఆవిడ. “వచ్చేటప్పుడు గొడుగు మర్చిపోకండి.”

ఇన్‌స్పెక్టర్ వాంగ్మూలం కాగితం చేతికిచ్చి, కింద ఆన్చుకోవడానికి ఆ అర్జీల ఫైలు అందించాడు.

“ఇందులో ఏముంది సార్?”

“పదకొండు అర్జీలు, పురపాలక ఆఫీసుకి పెట్టుకున్నవి. అవన్నీ చదివే తీరిక ఎవడికుందయ్యా?”

మైకాయన సంతకం చేసి, పక్కనే ‘చెవి సాక్షి’ అని కూడా రాసుకున్నాడు. సిరా ఆరేలోగా ఊరికే కూర్చోలేక ఫైలు తెరిచాడు. మొదటి అర్జీ చదివాడు. రెండోది చదివాడు. తర్వాత గబగబా చివరిదాకా తిప్పాడు.

పదకొండు అర్జీలూ అతని మైకు గోల గురించే.