నల్లగడి

సాయంత్రం ఆన్‌లైన్ క్లాసు మొదలవగానే నేత్ర చూసేది టీచర్ని కాదు. స్క్రీను అడుగున ఉన్న నల్లగడిని.

ఆ గడిలో ముఖం కనిపించదు. మైకు ఎప్పుడూ మూసే ఉంటుంది. నడుమ తెల్లటి అక్షరాలు మాత్రం ఉంటాయి. ‘మంజునాథ, సాదలి.’

నేత్ర మొగుడి పేరు అదే. ఊరూ అదే.

ఆ ఇంట్లోంచి పారిపోయి వచ్చి ఏడాది దాటింది. చదువుకుంటానన్నందుకు మంజునాథ ఆమె పుస్తకాలను నీళ్ళపొయ్యిలో పడేశాడు. లాక్కోబోయిన చేతిని కూడా అదే పొయ్యిలోకి తోశాడు. అత్త మునిరత్నమ్మ గుమ్మం పట్టుకుని చూస్తూ నిలబడిందే తప్ప నోరు మెదపలేదు. ఒక పొద్దున, ఎప్పుడూ తాళం వేసి ఉండే పెరటి తలుపు తెరిచి ఉంది. నేత్ర కట్టుబట్టలతో బస్సెక్కింది.

చింతామణి పట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆయాగా కుదిరింది. ఎస్సెస్సెల్సీ పాసైతే నర్సు పనికి ట్రైనింగ్ ఇప్పిస్తానని హెడ్ నర్సు మాటిచ్చింది. మధ్యలో చదువు మానేసిన పెద్దవాళ్ళ కోసం ప్రతిమ అనే టీచరు ఫోనులో క్లాసులు చెబుతోందని తెలిసి నేత్ర అందులో చేరింది. జాగ్రత్తగా ‘ప్రమోద, బాగేపల్లి’ అని రాసుకుంది. ముఖం ఎన్నడూ చూపించలేదు.

గొంతు సంగతే ఆమెకు తట్టలేదు.

“నీ చదవడం ఎంత తేటగా ఉండాదమ్మా ప్రమోదా!” అంది ప్రతిమ ఒకసారి. “పాఠాలు చదివి రికార్డు చేసియ్యి. కూలికి పోయేటోళ్ళు పని చేసుకుంటా వింటారు.”

నేత్ర సంబరపడింది. ఆసుపత్రి దుప్పట్లు పెట్టే గదిలో కూర్చుని సాంఘికశాస్త్రం పాఠాలన్నీ చదివి పంపింది. ఆ రికార్డింగులు ఊళ్ళ గ్రూపుల్లోకి పాకాయి. ఆ వెంటనే క్లాసులోకి నల్లగడి వచ్చింది.

ఆ పేరున్నవాళ్ళు ఆ ఊళ్ళో ఇంకెవరైనా ఉండొచ్చు కదా అని మనసుకు సర్దిచెప్పుకుంది. కానీ ఒకరోజు ఆ గడి మైకు పొరపాటున తెరుచుకుంది. తట్టల్లో పట్టుపురుగులు మల్బరీ ఆకు మేసే చప్పుడు, ఆ ఇంట్లో రోజూ వినబడేదే. దాని వెనక, గొంతులో ఏదో ఇరుక్కున్నట్టు లాగి లాగి దగ్గే మగ దగ్గు. అంతలోనే మైకు మూసుకుపోయింది.

అది మంజునాథ దగ్గే. ఆ దగ్గు వాకిట్లో వినబడితే చాలు, చేతిలో ఏముంటే అది కొంగు చాటుకు దాచుకున్న రోజులు ఆమెవి.

అప్పటినుంచి ఆసుపత్రి గేటు ముందు మోటారుసైకిల్ ఆగితే గోడవైపు తిరిగిపోయేది. మందుల చీటీ చాచిన ప్రతి మగచేతినీ చూసి ఉలిక్కిపడేది. గదిలో తనతోపాటు ఉండే శశికళకు చెప్పుకుంది.

“టీచర్ని అడుగక్కా. వాన్ని తీసేస్తాది,” అంది శశికళ.

అడిగింది. అసలు కారణం మాత్రం చెప్పలేదు. చెబితే తన అసలు పేరూ చెప్పాల్సి వస్తుంది.

“ఎందుకమ్మా తీసేది?” అంది ప్రతిమ ఆశ్చర్యంగా. “ఆయప్ప ఒక్క దినమూ క్లాసు తప్పించుకోడు. నువ్వు చదివిన పాఠాలు మళ్ళా మళ్ళా పెట్టుకొని వింటాండాడు. నాకు ఈడ యాప్‌లో కనపడ్తాది కదా!”

మళ్ళీ మళ్ళీ వింటున్నాడు. పాఠం కోసం కాదు. ఆ గొంతు వెనక ఏం వినబడుతుందో వెతుకుతున్నాడు.

నేత్ర ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తన రికార్డింగే తాను విన్నది. నదుల పాఠం మధ్యలో, దూరంగా, ఒక నర్సు కేక స్పష్టంగా వినిపించింది.

“ఆయా! వార్డులో దుప్పటి మార్చల్ల, బిర్రన రా!”

ఇంకేముంది. ఆసుపత్రి అని తెలిసిపోయింది. ఇక ఏ ఆసుపత్రో కనుక్కోవడమే మిగిలింది.

మర్నాడే బట్టలు సర్దుకుంది. చిక్కబళ్ళాపురం పోయి ఏదో ఒక పని వెతుక్కోవాలనుకుంది.

“పరీక్ష ముందర పెట్టుకొని యాడికి పోతావక్కా?” శశికళ సంచీ లాక్కుంది. “ఈ పొద్దు ఆఖరు క్లాసు. అదన్నా విని పో.”

క్లాసులో ప్రతిమ ఉత్సాహంగా ఉంది. “ఈ పొద్దు అందరూ మైకు తెరవల్ల. ఎవరికేం అనుమానం ఉన్నా అడగండి.”

ఒక్కొక్కరూ అడుగుతున్నారు. నేత్రకు ఒక్క మాటా బుర్రకెక్కలేదు. తన వంతు వచ్చినప్పుడు “ఏమీ లేదు మేడమ్” అని గొణిగింది. ఆ మాత్రం గొంతు విప్పినందుకే నాలుక కరుచుకుంది.

“మంజునాథ గారూ, మీరు ఎప్పుడూ మాట్లాడేదే లేదు. అడగండప్పా.”

నేత్ర వేలు క్లాసులోంచి బయటికొచ్చే ఎర్ర బటన్ మీదికి పోయింది. అందరి ముందూ తన పేరు పెట్టి పిలుస్తాడేమో. నీ అడ్రసు దొరికింది, వస్తున్నానంటాడేమో. నొక్కేస్తే ఏమీ వినబడదు. కానీ ఏం అంటాడో వినకుండా పారిపోతే ఇక ఏ ఊళ్ళో కంటిమీద కునుకు పడుతుంది?

నొక్కలేదు.

నల్లగడి మైకు తెరుచుకుంది. పురుగులు ఆకు మేస్తున్న చప్పుడు. లోపలెక్కడో అదే దగ్గు. నేత్ర కళ్ళు గట్టిగా మూసుకుంది.

“మేడమ్, ఈ ఫోను నా కొడుకుది, వాడు లేసి వచ్చేలోపల అడుగుతాండా,” గుసగుసగా వినిపించింది అత్త మునిరత్నమ్మ గొంతు, “మా కోడలి మాదిరి నేనూ ఈ ఇంట్లోంచి బయటపడల్లంటే, ఎంతదాకా చదవల్ల?”