పదహారు గేజీ రాగి రేకు

“డ్రైవరుగారూ, నీళ్ల బిందెక్కూడా ఇంత మందం రేకు వాడం. చెంబంత బాయిలరుకి ఇదెందుకండీ?” అన్నాడు రాఘవయ్య. తెనాలిలో రాగి సామాన్ల కొట్టు ఆయనది.

“పదహారు గేజీయే ఇవ్వండి. పల్చటి ఇరవై రెండుతో ఒకటి చేసి చూశా. కూత గట్టిపడేలోపే ఉబ్బిపోయి అతుకు విడిచింది,” అన్నాడు దేవదానం.

రైలు డ్రైవరుగా రిటైరయ్యాక దేవదానం ఇంట్లో చిన్న ఆవిరి ఇంజను తయారు చేసుకుంటున్నాడు. చక్రాలు, పిస్టన్లు ఎప్పుడో అయిపోయాయి. సరదాకి మొదలెట్టిన పని మీదే ఇప్పుడు ఒక ప్రాణం ఆధారపడింది.

“దీన్ని వంచేసరికి మీ చేతులు పడిపోతాయండీ. కూతే కావాలంటే ఓ ఈల కొని ఊదరాదూ?”

“ఊదితే మా ఆవిడ కమలమ్మ కనిపెట్టేస్తదండి. ఆవిరి కూతే కావాలి.”

రేపల్లె నుంచి బండి తెస్తూ తెనాలి పొలిమేరలో దేవదానం ఒక పొడుగు కూత, రెండు పొట్టి కూతలు వేసేవాడు. ఒక్కో డ్రైవరుది ఒక్కో తీరు. ఎవరి కూత ఎవరిదో వాళ్ల ఆడవాళ్లకు తెలుసు. మొగుడు క్షేమంగా వచ్చాడని ఆ కూత చెబితే గానీ కమలమ్మ ముద్ద ముట్టేది కాదు. ఇప్పుడామెకు మతి తప్పింది. బండి ఇంకా రాలేదంటూ కంచం తోసేస్తోంది. ఇలాగైతే ఎన్నాళ్లో బతకదన్నాడు డాక్టరు.

“రోజూ బండ్లు కూస్తూనే ఉంటాయి గదండీ?” అన్నాడు అదంతా విన్న రాఘవయ్య.

“అవన్నీ వేరేవాళ్లవని తల తిప్పుకుంటదండి.”

రాఘవయ్య రేకు కత్తెర అందుకున్నాడు. మందం రేకే కోసి ఇచ్చాడు.

బాయిలరు బిగించిన రోజు ఆయనే వచ్చి పెరట్లో ఇంజను దగ్గర కూర్చున్నాడు. నీళ్లు కాగాయి, ఆవిరి నిండింది. రేకు ఉబ్బలేదు, అతుకూ కదల్లేదు. కూత తీగ ఎలా లాగాలో ఆయనకు చూపించి, దేవదానం అన్నం కంచంతో భార్య పక్కన చేరాడు. 

ఒక పొడుగు కూత. రెండు పొట్టి కూతలు.

కమలమ్మ మొహం విప్పారింది. కంచం అందుకుని ఆత్రంగా ముద్ద కలిపింది. ఒకటి తింది, ఇంకొకటి తింది. దేవదానం ఏడుపు ఆపుకోలేకపోయాడు. బతికించుకున్నాననుకున్నాడు.

సగం తిన్నాక ఆమె పమిట సర్దుకుని, మొహమాటంగా అతని వంక చూసింది.

“అన్నయ్యగారూ, ఏమీ అనుకోకుండా ఇక మీరు వెళ్లండి. మా ఆయనొచ్చేస్తన్నాడు. మీరెవరని అడిగితే నేనేం చెప్పను?”